కిరసనాయిల్లో కరిగిన బొట్లు

మొన్న మా మనవరాలికి సైకిలు వచ్చింది. ఎవరూ తొక్కుకుంటూ తేలేదు, అట్టపెట్టెలో పడుకుని వచ్చింది. చక్రాలు వేరే, హ్యాండిలు వేరే, సీటు వేరే. దాన్ని బిగించడానికి వచ్చిన మనిషి మా విరుదునగర్ ఇంటి వరండాలో చాప మీద సామాన్లన్నీ పరిచాడు. నేను కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కాపలా కూర్చున్నాను. కొత్త సైకిల్లో మరలు ఎవరైనా ఎందుకు దొంగిలిస్తారని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడిగాను. జవాబు దొరకలేదు గానీ కుర్చీ మాత్రం కదపలేదు.

మనవరాలు నా చెవి దగ్గరికి వచ్చి, గుసగుస కాదు, మామూలు గొంతుతోనే అంది. "అవ్వా, ఏల ఆ అన్నను అట్ట చూస్తావుండావు? పాపం, మంచోడు మాదిరే ఉండాడు."

గబుక్కున దాని నోరు మూశాను. అది నా చెయ్యి తీసేసి నవ్వింది. "ఆయనకు తెలుగు రాదు గదా అవ్వా!"

"ఎవురు చెప్పినారు నీకు?" అన్నాను.

ఆ మనిషి తలవంచుకుని చైను తగిలిస్తున్నాడు. పెదవి చివర చిన్న నవ్వు ఉన్నట్టు నాకు అనిపించింది. అతను పోయేదాకా నేను మళ్ళీ నోరు విప్పలేదు. ఈ జాగ్రత్త నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఒక వేసవిలో, మా అవ్వ పక్కన నిలబడి నేర్చుకున్నది.

మాలాంటి వాళ్ళ ఇళ్ళలో తెలుగు గడప లోపలి భాష. గడప దాటితే అంతా తమిళమే. బడి, బస్సు, బజారు, దవాఖానా అన్నీ తమిళంలోనే నడుస్తాయి. నేను పెద్దయ్యాక పట్టుబట్టి అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. మా అవ్వకు ఒక్క అక్షరమూ రాదు. కానీ తెలుగును ఆమె వాడుకున్నట్టు ఇంకెవరూ వాడుకోలేదు. నలుగురి మధ్య నిలబడి, ఎదుటివాడి గురించి, ఎదుటివాడి ముందే, ముఖం మీద ఒక్క గీత కదలకుండా తెలుగులో చెప్పేది. అవతలివాడు నవ్వుతూ చూస్తుండేవాడు. అవ్వా నవ్వుతూ తిట్టేది.

పరీక్షలు అయిపోగానే మా అమ్మ నన్ను కోవిల్‌పట్టి బస్సు ఎక్కించేది. అక్కడ దిగి, ఒట్టపిడారం వైపు పోయే మొఫుసిల్ బస్సు పట్టుకుంటే మధ్యలో అవ్వా తాతా ఉండే ఊరు, మా అమ్మ పుట్టిన ఊరు. రోడ్డు మీద దిగి, నల్లరేగడి చేల మధ్య బాటన నడిచి పోవాలి. ఎండాకాలంలో ఆ నేల నెర్రెలు విచ్చుకుని ఉండేది. నా చెప్పు ఒకటి అందులో ఇరుక్కుంటే తాత కర్రతో తీసిన జ్ఞాపకం ఉంది. కోవిల్‌పట్టి బస్టాండులో అగ్గిపెట్టెల మందు వాసన, వేరుశనగ మిఠాయి పాకం వాసన కలిసి ముక్కుకు తగిలాయంటే నాకు సెలవులు మొదలైనట్టు లెక్క.

తాతకు ఆ మిఠాయి ఇష్టం. అవ్వకు దాని మీద అనుమానం. పొట్లం విప్పగానే ఒక ముక్క విరిచి, వెలుతురుకు పెట్టి చూసి, వాసన పీల్చి, "పోయిన వారం బెల్లం ఇది" అనేది. అంటూనే తినేది. మిరపకాయల మూట కొంటే చెయ్యి అడుగుదాకా దూర్చి అడుగున ఏముందో చూసేది. పత్తి కొనడానికి వచ్చిన దళారి త్రాసు పట్టుకుంటే ఆవిడ చూపు ముల్లు మీద ఉండేది కాదు, వాడి చిటికెన వేలు మీద ఉండేది. పాలు పోసేవాడి చెంబు తడిగా ఉంటే ఒక అనుమానం, పొడిగా ఉంటే ఇంకో అనుమానం. మా తాత మాత్రం ఎవరేం చెప్పినా తల ఊపే మనిషి. ఆ తల ఊపడం వల్లే తాను ఇలా కావలసి వచ్చిందని అవ్వ చెప్పేది. అందులో నిజం లేకపోలేదు.

ఇంట్లో ఒక్క నన్నే అనుమానించేది కాదు. బెల్లం కుండ ఉన్న అర తాళంచెవి నా చేతికి ఇచ్చి "తెచ్చి పెట్టు మే" అనేది. నేను దారిలో ఒక గడ్డ నోట్లో వేసుకుంటానని ఆమెకు తెలుసు. తెలిసీ ఊరుకునేది. ఆ వయసులో నాకు అంతకన్నా గొప్ప పదవి లేదు.

తాతకు ఒక సైకిలుండేది. ముదురాకుపచ్చ రంగు, ఇత్తడి బెల్లు, వెడల్పాటి క్యారియరు. తాత దాని మీద చేలకూ కోవిల్‌పట్టికీ పోయేవాడు. పత్తి తీత చివరికి వస్తుండగా, ఏటా ఎండల్లో దాన్ని ఓవరాయిల్‌కు ఇచ్చేవాళ్ళు. ఓవరాయిల్ అంటే సైకిల్ని మరమరా విప్పి, కిరసనాయిల్లో కడిగి, గ్రీజు పెట్టి మళ్ళీ బిగించడం. మా వైపు అందరికీ ఒకటే భయం. విప్పినప్పుడు మంచి సామాను తీసి, పాత సామాను వేసేస్తారని. అందుకని సైకిలు ఇచ్చినవాళ్ళు ఇంట్లో ఒకరిని కాపలా కూర్చోబెట్టడం ఆనవాయితీ. ముసలివాళ్ళో పిల్లలో, పనీపాటా లేనివాళ్ళు అంగడి ముందు బల్ల మీద కూర్చుని పొద్దుగూకేదాకా మెకానిక్కు చేతులు చూస్తుండాలి.

మా అవ్వకు కాపలా ఒక్కటే చాలదు. ఆవిడ కుంకుమను ఆముదంలో కలిపి, సైకిల్లో ఎక్కడెక్కడో చిన్న చిన్న బొట్లు పెట్టేది. పెడలు అడుగున ఒకటి, మడ్‌గార్డు లోపల ఒకటి, చక్రం ఇరుసు పక్కన, చైను పళ్ళ మధ్యన. చూసేవాళ్ళకు ఆయుధపూజ బొట్లు. అవ్వకు అవి తన సామాను గుర్తులు. సైకిలు తిరిగి వచ్చాక అవ్వ తాత కళ్ళద్దాలు పెట్టుకుని, వంగి, బొట్లన్నీ ఉన్నాయో లేదో వెతికేది. ఎన్నో ఏళ్ళుగా ఊళ్ళో ఉన్న పాత మెకానిక్కు చేతిలో ఒక్క బొట్టు కూడా చెదరలేదు. "ఆ ముసలాయన మాత్రం నిజాయితీ" అని అవ్వ ఒప్పుకున్న ఏకైక మనిషి అతనే, అతని దగ్గర కాపలా కూడా మానేసింది. ఆయన ఆ ఏడు అంగడి మూసేసి, సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు దగ్గరికి ఆలంగుళం వెళ్ళిపోయాడు.

కాబట్టి సైకిలు కొత్తవాడి దగ్గరికి పోవలసి వచ్చింది. అతను రోడ్డు మీద, బస్సు ఆగే చోట, తాటాకు పందిరి వేసి అప్పుడే అంగడి పెట్టాడు. అందరూ అన్నాచ్చి, అంటే అన్న, అని పిలిచేవాళ్ళు, నేనూ అదే పిలిచాను. పందిరి ముందు అద్దెకిచ్చే నాలుగైదు వాడగ సైకిళ్ళు వరసగా ఉండేవి. వాటిలో ఒకటి చిన్నది, ఎర్రది. నా ప్రాణమంతా దాని మీద ఉంది. విరుదునగర్‌లో మా వీధి అబ్బాయిలు సైకిళ్ళు తొక్కుతుంటే గుమ్మంలో నిలబడి చూడడమే నాకు తెలుసు.

చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు అన్నాచ్చిని ఇంకా తూకం వేస్తున్నారు. పని బాగుందా, చెయ్యి మంచిదా అని. మాది ఆ చుట్టుపక్కల పెద్ద చేల ఇల్లు. మా సైకిలు అతని దగ్గరికి వెళ్ళిందంటే ఇంకో పది వస్తాయి. మా అవ్వ నోట దొంగ అనే మాట వచ్చిందంటే ఇక ఆ పందిరి కిందికి ఎవరూ సైకిలు తేరు. ఆ సంగతి అతనికి తెలుసు. తాత సైకిలు దింపగానే చేతులు తుడుచుకుని ఎదురు వచ్చిన తీరులోనే అది కనిపించింది.

అవ్వ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, అన్నాచ్చి ముందే తెలుగులో మొదలుపెట్టింది. "మే, వాని కండ్లు చూస్తివా? వాలుచూపు. పని చేసేవాని కండ్లు పని మింద ఉండల్ల. కోవిల్‌పట్టి టవును ఇడిసి ఈ రోడ్డు మింద అంగడి ఏల పెట్టినాడు? ఆడ ఏమో చేసుంటాడు. నువ్వు ఆడా ఈడా చూడొద్దు. చక్రం లోపల గుండ్లు ఉంటాయి, తీసేటప్పుడు ఎంచుకో, వేసేటప్పుడు ఎంచుకో."

అన్నాచ్చి స్పానరు వెతుక్కుంటున్నాడు. అవ్వ అతని వైపు తిరిగి, ముఖం నిండా నవ్వు తెచ్చుకుని, తమిళంలో "మా మనవరాలు, ఊరికే చూస్తూ కూర్చుంటుంది" అని చెప్పి వెళ్ళింది. అతనూ నవ్వి తల ఊపాడు.

మొదటి రోజు నేను నమ్మకంగానే కాపలా కాశాను. చైను విప్పి తట్టలో పడేశాడు. చక్రాలు విప్పాడు. కిరసనాయిలు వాసనకు తల తిరిగినా కన్ను తిప్పలేదు. మధ్యాహ్నం అవ్వ సజ్జలతో కాచిన కంబుగంజి, చిన్నుల్లిపాయలు, ఎండుమిరపకాయల వేపుడు తెచ్చింది. నేను తింటుంటే తను పందిరి కింద తిరుగుతూ ఒక్కొక్కటీ పరీక్షగా చూసింది.

"గుడ్డ కింద ఏమో దాచిపెట్టినాడు చూడు" అంది తెలుగులో.

ఒక్క నిమిషానికి అన్నాచ్చి ఆ గుడ్డ తీసి దులిపి, చేతులు తుడుచుకుని పక్కన వేశాడు. గుడ్డ కింద అతని అన్నం డబ్బా ఉంది. అప్పుడు నాకేమీ అనుమానం రాలేదు. ఇప్పుడు తలచుకుంటే, అంత అనుమానపు ఇంట్లో పెరిగి ఆ ఒక్కటి ఎలా పట్టుకోలేకపోయామా అని ఆశ్చర్యం.

ఎండ తగ్గాక అన్నాచ్చి నా చూపు ఎక్కడుందో కనిపెట్టాడు. ఎర్ర సైకిలు తెచ్చి నా ముందు నిలబెట్టాడు. "తొక్కుతావా?" అన్నాడు తమిళంలో. డబ్బుల్లేవని చెప్పాను. వద్దులే అన్నాడు. సీటు పట్టుకుని వెనక పరుగెత్తుతూ బస్సులు తిరిగే ఖాళీ జాగాలో రెండు చుట్లు తిప్పాడు. సీటు నాకు అందదు. పక్కనుంచి కాలు చట్రంలోకి దూర్చి సగం పెడలు తొక్కడమే. గాలి ముఖానికి కొట్టింది. పడ్డాను, మోచెయ్యి గీరుకుంది. అయినా ఆ రోజు నాకున్నంత సంతోషం రాణీవాసంలో పుట్టినవాళ్ళకు కూడా ఉండి ఉండదు.

ఇంటికి వచ్చి చెప్పాను. అవ్వ మోచేతికి పసుపు రాస్తూ, "దుడ్డు లేకుండా సుమ్మా ఎవుడన్నా ఇస్తాడా? నువ్వు ఆడ తిరుగుతా ఉంటే వాడు ఈడ సామాన్లు మార్చేసుంటాడు" అంది. పడుకున్నాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. నిజమే కదా, నేను తిరుగుతున్నప్పుడు సీటు పట్టుకుని పరుగెత్తింది అతనే అని గుర్తు రావడానికి తెల్లవారింది.

మరునాడు అన్నాచ్చి వెనక చక్రం ఇరుసు విప్పాడు. పళ్ళెం పట్టి చక్రం వంచితే లోపలి ఉక్కు గుండ్లు జలజలా రాలాయి. ఆ పళ్ళెం నా బల్ల మీద పెట్టాడు.

"ఎంచుకో పాపా" అన్నాడు. "అవ్వ ఎంచమనె గదా."

తెలుగులో అన్నాడు. మా ఇంట్లో మేము మాట్లాడే తెలుగు, అవే సాగదీతలు. పళ్ళెం వైపు కూడా చూడలేకపోయాను.

"నీకు తెలుగు వస్తదా?"

"మీ చేన్లోనే నేర్చుకొంటి. మా అమ్మ మీ కరిసల్ నేలలో పత్తి తీస్తా ఉన్నె. నన్ను గట్టు మింద తుండు పరిచి పండబెడతా ఉన్నె. అవ్వ, తాత మాట్లాడేదే నా చెవికి పడిన మొదటి మాటలు."

అతను గుండ్లను గుడ్డతో తుడుస్తూ చెప్పాడు. కోపంగా కాదు, ఎవరి సంగతో చెప్పినట్టు. పొద్దుగూకేటప్పుడు పత్తి తీసిన ఆడవాళ్ళు వరసగా నిలబడి ఒడి విప్పి దులిపి చూపించాలి. కొంగులో, నడుము చుట్టలో పత్తి దాచుకుపోతారని అవ్వ ఒక్కొక్కరినీ తడిమి పంపేది. ఇది నాకు తెలిసిందే, నేనూ పక్కన నిలబడి చూసిందే. నాకు అందులో వింత ఏమీ కనిపించేది కాదు.

"ఒక దినం అవ్వ మా అమ్మ ముందర నిలబడి తాతతో చెప్పె. దీని నడుము పొద్దున కన్నా లావుగా ఉండాది, విప్పించి చూడల్ల అని. మా అమ్మకు తెలుగు బాగ వస్తది. నాకూ వస్తది, కొంగు పట్టుకోని నిలబడుకోనుంటి. అవ్వ విప్పించి చూసె. ఏమీ దొరకలా." అన్నాచ్చి ఒక గుండును వెలుతురుకు పట్టి చూశాడు. "దాంట్లో ఉండింది మా చెల్లెలు పాపా."

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థమయ్యాక చాలా కాలం మా అవ్వ మీద నాకు కోపం పోలేదు.

"ఆ దినం నుంచి మా అమ్మ మీ చేన్లోకి రాలా" అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ తమిళంలోకి మారిపోయాడు, గ్రీజు డబ్బా అందించమన్నాడు.

నాకు జాలి కలిగిందని రాస్తే బాగుంటుంది. కానీ కలగలేదు. నేను మా అవ్వ మనవరాలిని. నాకు కలిగింది అనుమానం. ఇన్నేళ్ళు మనసులో పెట్టుకున్నవాడు, టవునులో అంగడి పెట్టకుండా సరిగ్గా మా ఊరి రోడ్డు మీదే ఎందుకు పెట్టాడు? ఇంతమందిలో నాకే ఎందుకు చెప్పాడు? తాత సైకిలు ఇప్పుడు అతని చేతిలో ముక్కలు ముక్కలుగా ఉంది. ఊళ్ళోకి వచ్చే బాట దగ్గర పెద్ద దిగుడు ఉంది. బ్రేకు ఒక్క మర వదులుగా బిగిస్తే చాలు. అప్పటిదాకా అవ్వ కోసం చూస్తున్నాను. ఆ క్షణం నుంచి నా కోసం చూశాను. ప్రతి మర బిగింపూ రెండుసార్లు చూశాను. బ్రేకు రబ్బర్లు వేసేటప్పుడు బల్ల దిగి దగ్గరికి పోయి చూశాను.

అవ్వకు మాత్రం చెప్పలేదు. చెబితే ఎర్ర సైకిలు ఉండదు. ఆ సాయంత్రం కూడా అతను నన్ను తిప్పాడు, ఒకచోట చెప్పకుండా సీటు వదిలేశాడు. నేను ఒంటరిగా కొంత దూరం పోయి, వెనక్కి తిరిగి చూసి, భయపడి పడ్డాను. అతను చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లలో ఏ మోసం ఉందో ఎంత వెతికినా నాకు దొరకలేదు.

సైకిలు తయారైన రోజు అవ్వా తాతా ఇద్దరూ వచ్చారు. బస్సు కోసం నిలబడినవాళ్ళు, టీ తాగుతున్నవాళ్ళు, వాడగ సైకిలు తిరిగి ఇవ్వడానికి వచ్చినవాళ్ళు, పందిరి చుట్టూ జనం ఉన్నారు. సైకిలు కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తోంది. అవ్వ తాత కళ్ళద్దాలు లాక్కుని పెట్టుకుంది. వంగింది. పెడలు తిప్పి చూసింది. మడ్‌గార్డు లోపలికి వేలు పోనిచ్చింది. ఇరుసు దగ్గర, చైను పళ్ళ దగ్గర.

ఒక్క బొట్టూ లేదు.

అవ్వ లేచి నిలబడింది. ముఖం పాలిపోయింది. తాత వైపు తిరిగి, గొంతు పెంచకుండా, తెలుగులో అంది. "అంతా మార్చేసినాడు. ఒగటీ మనది కాదు. పెడలు మనది కాదు, చక్రం మనది కాదు. దొంగ నాయాలు, నవ్వుతా నవ్వుతా బండి మొత్తం మింగేసినాడు."

నాకు తెలుసు, అతనికి ప్రతి మాటా వినిపిస్తోందని. తాత ఎప్పటిలా తల ఊపబోయి ఆగాడు. ఇప్పుడు అవ్వ జనం వైపు తిరిగి అదే మాట తమిళంలో అంటుంది. అంతే, ఆ పందిరి ఆ రోజుతో సరి.

అన్నాచ్చి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు. జనానికి వినబడనంత మెల్లగా, మా తెలుగులో అన్నాడు.

"అమ్మా, ఆముదం కుంకం కిరసనాయిల్లో నిలవదు. కడిగితే పోతది. నమ్మకం లేకుంటే మళ్ళా విప్పుతా, చూసుకోండి. మీకు విప్పించి చూసేది అలవాటే గదా."

అవ్వ కళ్ళద్దాలు తీసి అతని ముఖంలోకి చూసింది. "నువ్వు ఎవురి కొడుకువి?" అంది.

"నడుము లావుగా ఉండాది అంటిరే, ఆయమ్మ కొడుకుని."

టీ తాగుతున్న ఒకాయన ఇదంతా చూసి గ్లాసు పట్టుకునే దగ్గరికి వచ్చాడు. "ఏమమ్మా, ఏమన్నా పోయిందా? సామాను మార్చాడా?" అని తమిళంలో గట్టిగా అడిగాడు. జనం అందరూ ఇటు తిరిగారు. అన్నాచ్చి గుడ్డను పిడికిట్లో నలుపుతున్నాడు. తెలుగులో అంత నిబ్బరంగా మాట్లాడిన మనిషి, ఆ తమిళ ప్రశ్న వినగానే తల దించుకున్నాడు. అవ్వ అతని చేతుల వైపు చూసింది. మూడు రోజులుగా నన్ను చూడమన్న చేతులే అవి.

"ఒణ్ణుమిల్లె" అంది అవ్వ. ఏమీ లేదని. "బండి నల్లా ఇరుక్కు" అని కూడా అంది. బండి బాగుందని.

తాత సైకిలు ఎక్కాడు. నేను వెనకే పరుగెత్తాను. బాట దిగుడు వచ్చింది. తాత బ్రేకు పట్టాడు. సైకిలు కిక్కురుమనకుండా, ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగింది. నేను అక్కడే గట్టు మీద కూర్చుని ఏడ్చేశాను. తాత దిగివచ్చి ఎందుకని అడిగితే కాల్లో ముల్లు గుచ్చుకుందని చెప్పాను. నిజంగా సిగ్గుతో ఏడ్చాను. అతన్ని అలా అనుకున్నందుకు.

ఆ సాయంత్రం తాత వసారాలో కూర్చుని, జీవితంలో మొదటిసారి తల ఊపకుండా మాట్లాడాడు. "ఇన్నేండ్లు బొట్లు చెదరలేదంటే ఏమి అర్తం? ఆ ముసలాయన ఒగ దినం కూడా కడగలా. పైపైన తుడిచి ఇచ్చినాడు. వాన్నే నువ్వు నిజాయితీ అంటివి."

అవ్వ సైకిల్ని చేత్తో తోసి చూసింది. "మన బండి కిర్రుమంటా ఉండె. ఇది అరవదు. నాకేమో ఇది మన బండి కాదనే ఉండాది" అంది. అయినా ఆ గొంతులో పాత బలం లేదు. తర్వాత నన్ను పిలిచింది.

"వానికి తెలుగు వస్తదని నీకు తెలుసునా?"

తెలుసన్నాను. అబద్ధం చెబితే ఆమె పట్టేస్తుంది.

"ఎప్పుటినుంచి?"

"నిన్నటినుంచి అవ్వా."

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. దళారి చిటికెన వేలును చూసే చూపు అది. మరునాడు బెల్లం కావాలని అడిగితే అవ్వ తనే లేచి, తాళం తీసి, ఒక గడ్డ తెచ్చి నా చేతిలో పెట్టి, మళ్ళీ తాళం వేసుకుంది. ఆ గడ్డ నేను తినలేదు. చాలా సంవత్సరాలు నాకు బెల్లమంటేనే రుచించలేదు.

రోడ్డు మీదికి వెళ్ళడానికి నాకు సెలవు లేకపోయింది. ఎర్ర సైకిలు కథ అక్కడితో ముగిసింది. ఈనాటికీ నాకు సైకిలంటే చట్రంలోంచి కాలు దూర్చి సగం పెడలు తొక్కడం వరకే వచ్చు. అన్నాచ్చి అంగడి మాత్రం నిలబడింది. తర్వాతి సెలవులకు వచ్చినప్పుడు బస్సు కిటికీలోంచి చూశాను, తాటాకు పందిరి పోయి రేకుల కప్పు వచ్చింది.

అసలు మారింది మా అవ్వ. తాను ఇన్నేళ్ళలో ఎవరి ముందు ఏమేం అన్నదో ఒక్కొక్కటే గుర్తుకు వస్తున్నట్టు వసారాలో కూర్చుని ఉలిక్కిపడేది. పాలవాడు వస్తే తెలుగులో మాట్లాడబోయి ఆగేది. "ఇన్నాళ్ళు వింటా ఉండినాడే, వింటా వింటా ఊరుకున్నాడే" అని తనలో తను అనుకునేది. తిట్టుకుంటోందో బాధపడుతోందో నాకు తెలియలేదు.

రెండు మూడు రోజులకు చివరి పత్తి తీత. అవ్వ నన్ను కూడా చేనికి తీసుకుపోయింది. ఆ రోజంతా ఆమె నోరు విప్పలేదు. ఆడవాళ్ళు సాళ్ళ వెంట వంగి పత్తి తీస్తుంటే, గొడుగు కింద నిలబడి ఒక్కొక్కరి ముఖం చూస్తోంది. వీళ్ళలో ఎవరికి వస్తుంది, ఎవరు విన్నారు, ఏమేం విన్నారు అని. ఎప్పుడూ ఆమె వాళ్ళ నడుములు చూసేది. ఆ రోజు మాత్రం ముఖాలే చూసింది.

పొద్దు వాలింది. ఆడవాళ్ళు పత్తి కుప్ప మీద పోసి, అలవాటు ప్రకారం వచ్చి అవ్వ ముందు వరసగా నిలబడ్డారు. మొదటి ఆమె ఒడి ముడి విప్పి కొంగు చాపింది. అవ్వ ఆమె దగ్గరికి పోయింది. చెయ్యి సగం లేచి ఆగింది. కూలీలతో అవ్వ ఎప్పుడూ తమిళమే. ఆ రోజు ఎవరి వైపూ చూడకుండా, గట్టు మీది తుమ్మచెట్టుతో మాట్లాడుతున్నట్టు, లోగొంతుకతో తెలుగులో అంది.

"పోండమ్మా. పొద్దు పోయింది. పిల్లోళ్ళు ఎదురు చూస్తావుంటారు."

ఎవరూ ఏమన్నావమ్మా అని అడగలేదు. తమిళంలో చెప్పమని ఒక్కరూ ఆగలేదు. మొదటి ఆమె కొంగు ముడి వేసుకుంది. వెనక ఆమె వేసుకుంది. వరస మొత్తం గంజి సట్లు తీసుకుని, ఒకరి వెనక ఒకరు గట్టెక్కి వెళ్ళిపోయింది. ముసలివాళ్ళు, పడుచులు, అందరూ.

చేన్లో అవ్వా నేనూ మిగిలాం. "అందురికీనా?" అంది అవ్వ. నేను తల ఊపాను.

ఆ సాయంత్రం ఆమె వాళ్ళను నమ్మి పంపిందో, ఎవరికి తెలుగు వస్తుందో తేల్చుకోవడానికి పంపిందో, ఇంత వయసు వచ్చినా నాకు అనుమానమే. ఆ ఏడు మళ్ళీ తీత లేదు. తర్వాతి ఏడు తడిమే పని ఎవరు చేశారో, అసలు చేశారో లేదో నేను అడగలేదు. ఒక్కటి మాత్రం అనుమానం లేకుండా చెప్పగలను. చీకటి పడుతున్న ఆ బాటన, తన సొంత చేల మధ్య నడుస్తూ, ఇల్లు చేరేదాకా మా అవ్వ నా చెయ్యి వదల్లేదు.